గనిలోని గంట, గగనములోని మాట

ఈ సంచికకు గనుల చరిత్రను గూర్చి ఏదేని వ్రాసి యిమ్మని మన సంఘము పెద్దలు మమ్ము కోరిరి. 1802లో వారెన్ దొర ఈ ప్రాంతమునకు వచ్చుట, 1870ల నాటి లావెల్ దొర సాహసము, 1880లో జాన్ టేలర్ కంపెనీవారు గనులను చేపట్టుట, ఇవన్నియు మన సంచికలలో పలుమారులు వచ్చిన కథలే. చదువరులకు కంఠపాఠమైన దానిని మరల వ్రాయుట కచేరిలో నకలు తీయుట వంటిది. ఆ పని మేము ముప్పది రెండేండ్లు చేసితిమి, ఇక చాలును. కావున గనులలో అందరును వినినదియు, కాగితముపైకి అంతగా ఎక్కనిదియు అగు ఒక విషయమును ఎత్తుకొనుచున్నాము. దానితోబాటు విమానముల ప్రసంగము కూడ వచ్చును. భూమి అడుగునకును ఆకాశమునకును పొత్తేమని చదువరులు తొందరపడకుందురు గాక! రెండు చోట్లను ఉన్న ప్రశ్న ఒక్కటే. తన కంటికి కనబడని వాహనమును, అందులోని మనుష్యుల ప్రాణములతో సహా, నడిపింపవలసిన వానికి ఆ విద్య నేర్పవలసినవా రెవరు?

ఈ ప్రశ్న మాకు మా తమ్ముని కుమార్తె వలన కలిగినది. ఆ పిల్ల భౌతిక గణితశాస్త్రములలో పట్టము పుచ్చుకొని, భారత విమానాశ్రయ ప్రాధికార సంస్థవారి పరీక్షలో నెగ్గి, విమానముల రాకపోకలను నియంత్రించు ఉద్యోగమునకు ఎంపికయ్యెను. ఈ ఉద్యోగిని కంట్రోలరు అందురు. ఇంటిలోనివారు మొదట దీనిని విమానము ముందు నిలిచి చేతులూపు పని యనుకొనిరి. పిల్ల నవ్వి, తాను కూర్చుండునది చీకటి గదిలో తెరముందు అనియు, విమానము తనకు ఒక చుక్కగా మాత్రమే కనబడుననియు, చెవికి తగిలించుకొన్న యంత్రములో చోదకుని గొంతు మాత్రమే వినబడుననియు చెప్పినది. ఆ మాట వినగానే మాకు మా తండ్రిగారి ఇంజను గది జ్ఞప్తికి వచ్చినది.

మా తండ్రిగారు గనిలో వైండింగు ఇంజను డ్రైవరు. మనుష్యులను, రాతిని షాఫ్టులో దింపి యెత్తు యంత్రమును నడుపు పని అది. గనులు మూతపడి చాల కాలమైనది గనుక, ఆ పని యెట్లుండెడిదో నేటి పిల్లలకు కొంచెము విప్పి చెప్పవలసియున్నది. ఇంజను గది షాఫ్టు నోటికి కొంత దూరముగా నుండును. గదిలో పెద్ద డ్రమ్ము. దానిపై చుట్టుకొన్న ఉక్కుత్రాడు గోడలోని సందు గుండా పైకి పోయి, హెడ్‌గేరు మీది చక్రముపై తిరిగి షాఫ్టులోనికి దిగును. త్రాటి చివర కేజి. అందులో మనుష్యులు. కేజి నేలమట్టమును దాటి దిగిన తరువాత డ్రైవరునకు అది మరల పైకి వచ్చువరకు కనబడదు. ఆయన యెదుట నున్నవి మూడే ఆధారములు: లోతును చూపు ముల్లు, డ్రమ్ముపై వేసిన గుర్తులు, గంట.

ఆ గంటయే మా కథకు మూలము. క్రిందనున్నవాడు కేజిని ఎత్తుమనియో, దింపుమనియో, మనుష్యులు ఎక్కుచున్నారనియో ఇన్ని దెబ్బలని కొట్టును. దెబ్బల లెక్కకు అర్థము ముందుగనే నిర్ణయింపబడి, బల్లపై వ్రాసి షాఫ్టు నోటను ఇంజను గదిలోను వ్రేలాడదీయబడి యుండెడిది. కదలుచున్నప్పుడు ఒక్క దెబ్బ వినబడెనా, తక్షణము నిలుపవలెను. ఎందుకని అడుగుటకు తీరిక లేదు. ఏ భాషలో అడుగవలెనన్న ప్రశ్నయు లేదు. మన గనులలో అరవము, తెలుగు, కన్నడము మాటలాడువారు కలసి పని చేసిరి. పైనున్న దొరల ఇంగ్లీషు వేరు. ఇంటిలో తెలుగు, వీథిలో అరవము, బడిలో కన్నడము, కచేరిలో ఇంగ్లీషుగా బ్రదికిన మన కుటుంబములకు ఆ గంట యెంత తెలివైన యేర్పాటో వేరుగా చెప్పనక్కరలేదు. దానికి యాస లేదు. తప్పు పలికితివని దానిని చూచి యెవరును నవ్వరు.

గంటను వినుట ఒక విద్య. విని చేయి కదల్చుట మరియొక విద్య. వేలకొలది అడుగుల ఉక్కుత్రాడు బరువునకు సాగును. దిగువ లెవెల్ వద్ద కేజి నుండి మనుష్యులు దిగుచుండగా బరువు తగ్గి అది కొంచెము పైకి లేచును. ఇంజను గదిలోని ముల్లు ఇది చూపదు. డ్రమ్ము కదలలేదు గదా! కావున ముల్లు చెప్పునది ఒకటి, త్రాటి చివర జరుగునది మరియొకటి. ఈ భేదమును చేతికి తెలియజేయుట యెట్లు? చాంపియన్ రీఫ్ గని సుమారు 3,200 మీటర్ల లోతునకు పోయినది. ఒక షాఫ్టు అడుగున మరియొక షాఫ్టుగా మెట్లుమెట్లుగా దిగినది. అంత లోతున పుస్తకములోని లెక్క కొంతవరకే పనికివచ్చును.

మా తండ్రిగారు క్రొత్తగా వచ్చిన సహాయకుని మొదట లీవరును తాకనిచ్చెడివారు కారు. తాను సెలవుననున్న దినమున వానిని వెంటబెట్టుకొని కేజిలో క్రిందికి పోయెడివారు. కండ్లు మూసికొనుమనెడివారు. "ఇప్పుడు మోకాళ్లకు ఏమి తెలిసింది? ఇప్పుడు కడుపులో ఏమి కదిలింది?" అని అడిగెడివారు. త్రాటి చివర నిలబడనివాడు ఇంజను ముందు కూర్చుండరాదని వారి పట్టుదల. పరీక్షలో నెగ్గి యోగ్యతాపత్రము పొందినను, వారి లెక్కలో ఇది కానిదే చదువు పూర్తి కాదు. ఒక గనిలో (పేరు మాకనవసరము) పత్రము గల ఒక యువకుడు, ఎన్నడును కేజిలో నిలువనివాడు, ముల్లును నమ్మి ఇంజనును విదిలించి నిలుపగా, లోపలివాడొకడు మోకాలు విరిగి ఆరు నెలలు మంచమెక్కెను. ఆ యువకుడు చెడ్డవాడు కాడు. అవతలివాని మోకాలు తనకు తెలియదు, అంతే.

ఆ విద్య మొదట మనకు ఎట్లు వచ్చినదో గుర్తు చేసికొనవలెను. ఇంగ్లండులోని కార్న్‌వాల్ ప్రాంతమున తగరము, రాగి గనులు క్షీణించి, తరతరములుగా గనిపని యెరిగిన వారు పొట్ట చేతబట్టుకొని లోకము నలుమూలలకు పోవుచున్న కాలమది. జాన్ టేలర్ కంపెనీవారు అట్టివారిని రప్పించి మనవారికి పని చూపించిరి. దొరతనపు హెచ్చుతగ్గులు వారికి లేకపోలేదు. ఆ సంగతి మన పెద్దలు మరచిపోలేదు. అయినను ఒకచోట మూతపడిన గనిలోని అనుభవము మరియొకచోట తెరచిన గనికి గురువైనదనుట నిజము.

ఇక ఆకాశమునకు పోవుదము.

1903లో రైటు సోదరులు ఎగిరినప్పుడు ఆకాశములో రెండవ విమానము లేదు గనుక దారిచూపువాని అవసరమును లేదు. ఇరువది యేండ్లు తిరుగకముందే ఆ అవసరము కలిగినది. లండను సమీపమున క్రాయిడన్ విమానాశ్రయమున 1920లో నియంత్రణ గోపురమును కట్టిరి. 1922 ఏప్రిల్ 7వ తేదీన, క్రాయిడన్ నుండి పారిస్ వైపు పోవు విమానమును, పారిస్ నుండి ఎదురు వచ్చు విమానమును ఫ్రాన్సు దేశమున మంచులో ఒకదాని నొకటి ఢీకొనగా ఏడుగురు మరణించిరి. మరుసటి సంవత్సరము క్రాయిడన్‌లోని రేడియో అధికారి మాక్‌ఫర్డ్, ఆపదలో నున్న చోదకుడు ఏ దేశమువాడైనను పలుకవలసిన మాటగా 'మేడే' అనుదానిని కల్పించెను. నాకు సహాయము చేయుమను ఫ్రెంచి మాటకు అది ఇంగ్లీషువారి నోట తిరిగిన రూపము. మన గంట దెబ్బకును దీనికిని గల చుట్టరికము చదువరులకు తోచియే యుండును.

అమెరికాలో మొదటి కంట్రోలరుగా పేరొందిన ఆర్చీ లీగ్ 1929లో సెంట్ లూయిస్ విమానాశ్రయమున పనిచేసెను. ఆయన సామగ్రి వినిన నవ్వు వచ్చును: ఒక తోపుడుబండి, అందులో ఒక కుర్చీ, ఎండకు గొడుగు, అన్నము మూట, త్రాగుటకు నీరు, రెండు జెండాలు. ఒక జెండా చూపిన రావచ్చును, మరియొకటి చూపిన ఆగవలెను. మా యింటివా రనుకొన్న చేతులూపు ఉద్యోగము ఒకనాడు నిజముగనే ఉండెను! కాని ముఖ్యమైన సంగతి వేరొకటి కలదు. ఈ లీగ్ అంతకుముందు ఊరూర విమాన విన్యాసములు చేసిన చోదకుడు, యంత్రముల మరమ్మతు తెలిసినవాడు. జెండాను ఎత్తునప్పుడు అవతలివానికి ఎంత దూరమున అది కనబడునో, గాలి ఎదురైనచో వాని చేయి ఎట్లు తడబడునో ఆయనకు అనుభవమే. త్రాటి చివర నిలబడి వచ్చినవాడన్న మాట.

ఆ 1929లోనే ఎడ్విన్ లింక్ అను యువకుడు నేలపై కదలక నిలిచి యెగురు విమానమును నిర్మించెను. ఆయన తండ్రికి వాద్యయంత్రముల కర్మాగారము కలదు. ఆర్గను వాద్యమునకు గాలి నిచ్చు తిత్తులను తెచ్చి చిన్న విమానపు పెట్టె క్రింద అమర్చి, చోదకుడు పిడి కదల్చినకొలది పెట్టె వంగునట్లు చేసెను. మొదట దానిని కొన్నవారు వినోదశాలలవారు. 1934లో అమెరికా సైన్యమునకు తపాలా విమానముల పని అప్పగింపబడి, పొగమంచులోను చీకటిలోను కొలది వారములలో పండ్రెండుగురు చోదకులు మరణించిన తరువాత గాని సైన్యము లింక్ యంత్రములను ఆరింటిని కొనలేదు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున అట్టివి సుమారు పదివేలు తయారైనవి. బోధకుడు ప్రక్కన బల్లవద్ద కూర్చుండి, నియంత్రణ గోపురమువానివలె రేడియోలో ఆజ్ఞల నిచ్చుచుండెను. శిష్యుని కల్పిత ప్రయాణము బల్లపై పటమున గీతగా పడుచుండెను.

కొన్నాళ్లకు ఈ యేర్పాటు తలక్రిందులైనది. రాడార్ వచ్చినది; ఆకాశము నిండినది; చోదకునివలెనే కంట్రోలరునకును నేలపై అభ్యాసము కావలసివచ్చినది. కంట్రోలరు తప్పును నిజమైన విమానములపై దిద్దుకొనుట కుదరదు గదా! అప్పుడు శిష్యుడు కంట్రోలరు కుర్చీలోను, చోదకుని వేషము వేయువాడు ప్రక్క గదిలోను కూర్చుండిరి. ఇతనిని నకిలీ పైలట్ అందురు. మాకు ఆ పేరు నచ్చలేదు. నాటకములో శ్రీరాముని వేషము కట్టినవానిని నకిలీ రాముడందుమా?

ఈ అభ్యాసము జరుగు విధము ఇది. బోధకుడు ముందుగా ఒక కథ వ్రాయును: ఇన్ని విమానములు, ఇన్ని వైపులనుండి, ఈ యెత్తున, ఈ వేగమున; పదునైదవ నిమిషమున ఒకదానికి యంత్రము చెడును; ఇరువదవ నిమిషమున దారికి అడ్డముగా ఉరుముమబ్బు లేచును. వేషధారి తన కప్పగించిన అయిదారు విమానముల చోదకుల గొంతులను తానే పలుకును. శిష్యుడు ఆజ్ఞ ఇచ్చును. వేషధారి దానిని తిరిగి పలికి, యంత్రములో మీటలు నొక్కును. శిష్యుని తెరపై చుక్క తిరుగును. ఆజ్ఞను తిరిగి పలికించుట ఈ విద్యకు ప్రాణము. విమానమునకును విమానమునకును నిలువున వేయి అడుగులు, లేదా అడ్డముగా కొన్ని మైళ్లు తగ్గకుండ చూచుట శిష్యుని భారము.

ఈ వేషమును ఎవరైనను వేయవచ్చును. విద్యార్థులు వేయుదురు, వ్రాతపని చేయువారు వేయుదురు, ఇటీవల మాటను గుర్తించు యంత్రములు కూడ వేయుచున్నవి. అట్లయిన అనుభవము గల నిజమైన చోదకులను వెదకి పిలుచుట యెందులకు? వారి వేతనము ఎక్కువ, దొరకుట కష్టము. ఈ సంగతి మా తమ్ముని కుమార్తె శిక్షణాలయము నుండి వచ్చినప్పుడు చెప్పినది. మేము విని గ్రహించిన దానిని మా మాటలలో వ్రాయుచున్నాము.

తెలియనివాడు వేషము వేసినచో చెప్పినది చెప్పినట్లు చేయును. అదియే లోపము. పెద్ద జెట్ విమానమును ఒకేసారి త్వరగా దిగుమనియు, వేగము తగ్గించుమనియు అన్నచో అది రెండును చక్కగా చేయలేదు. కొండదిగువన బండిని ఎద్దులు నిలువరింపలేనట్లే. నిజమైన చోదకుడు "వీలుకాదు" అనును. అభ్యాసమున ఆ మాట విననివాడు ఉద్యోగమున విని కంగారుపడును. మబ్బు ఎదురైనప్పుడు చోదకుడు ఎన్ని మైళ్ల ముందు ప్రక్కకు తొలగనడుగునో, ఏ క్షణమున చేతి నిండ పనియుండి రేడియోకు బదులు చెప్పడో, ఇవి పుస్తకమున అంతగా లేవు. ఆపదలో చోదకుడు మొదట విమానమును నిలబెట్టుకొనును, పిదప దారి చూచుకొనును, మాట ఆ తరువాతనే. అప్పటి మౌనమును కూడ కంట్రోలరు చదువగలుగవలెను. మా తండ్రిగారికి గంట మ్రోగవలసిన వేళ మ్రోగనిచో ముఖము మారెడిది; అట్టిదే యిది.

గొంతు విషయము మరియొకటి. 1996 నవంబరు 12వ తేదీన హర్యానాలోని చర్ఖీ దాద్రీ పైని ఆకాశమున సౌదీ విమానమును కజకిస్తాన్ విమానమును ఢీకొని 349 మంది మరణించిరి. ఢిల్లీకి వచ్చుచున్న కజక్ విమానమునకు 15,000 అడుగుల యెత్తున నుండుమని ఆజ్ఞ. ఎదురుగా పైకి పోవుచున్న సౌదీ విమానమునకు 14,000. కజక్ విమానము తనకిచ్చిన యెత్తుకు దిగువకు జారినది. విచారణలో బయటపడిన కారణములలో ఆ చోదకులకు ఇంగ్లీషు చాలకపోవుట, కంట్రోలరుతో మాటలాడునతడు వేరు, విమానము నడుపునతడు వేరు అగుట ముఖ్యములు. రాకకును పోకకును ఒకే దారి యుండుట, నాటి ఢిల్లీ రాడార్ విమానముల యెత్తును చూపలేనిదగుట కూడ తోడైనవి. దీని తరువాత విమానములు ఒకదాని నొకటి పసిగట్టు యంత్రమును మన దేశమున తప్పనిసరి చేసిరి. అంతకు పూర్వము, 1977 మార్చి 27న, టెనెరీఫ్ ద్వీపమున నేలపైననే రెండు పెద్ద విమానములు ఢీకొని 583 మంది చనిపోయిరి. అచటను ఒక చోదకుడు పలికిన అస్పష్టమైన మాట, దానికి వచ్చిన అస్పష్టమైన బదులు కారణములలో చేరినవి. 2008 నుండి అంతర్జాతీయ మార్గములలోని చోదకులకు, కంట్రోలర్లకు ఇంగ్లీషులో నిర్ణీతమైన ప్రావీణ్యము ఉండవలెనని నియమము అమలులోనికి వచ్చినది. ఆకాశమునకు గంట లేదు; గంటవంటి మాటలను ఏర్పరచుకొనవలసివచ్చినది. దేశదేశముల యాసలు వినిన చోదకుడు వేషమునకు కూర్చుండినచో ఆ యాసలన్నియు శిష్యుని చెవికి ముందుగనే తగులును.

అయితే అనుభవజ్ఞులతో ఒక చిక్కు కలదు. మంచి చోదకుడు కంట్రోలరు తప్పును తనకు తెలియకనే సర్దివేయును. తప్పు ఆజ్ఞ వినిన "మరల చెప్పుడు" అని అడుగును, లేదా తానే సరిచేసి పలుకును. నిజమైన ఆకాశమున అది గుణము, శిక్షణాలయమున దోషము. శిష్యుడు తన తప్పు ఫలితమును చూడవలెను గదా. కావున అట్టివారిని తీసికొన్నప్పుడు చెడ్డ చోదకునివలె నటించుట కూడ నేర్పవలసియుండును: సంఖ్యను తప్పుగా తిరిగి పలుకుట, పొరుగు విమానమునకు ఇచ్చిన ఆజ్ఞను తనదనుకొనుట, పిలిచిన పలుకకుండుట. ముప్పదియేండ్లు తప్పు చేయకుండుట నేర్చినవానికి తప్పు చేయుట నేర్పుట సులభము కాదు.

ఇట్టివారు ఎక్కడ దొరకుదురు? అంతర్జాతీయ నియమము ననుసరించి ప్రయాణికుల విమానమున చోదకుడు అరువదియైదేండ్లకు దిగిపోవలెను. 2006 వరకు ఆ హద్దు అరువదియేండ్లే. వైద్యపరీక్షలో చూపు తగ్గిన, గుండె తడబడిన అంతకుముందే దిగవలెను. వేలకొలది గంటలు ఎగిరిన మనుష్యుడు ఒక్క ఉదయమున పనిలేనివాడగును. ఆయన చూపు చాలకపోవచ్చును గాని చెవి, జ్ఞాపకము ఎచటికి పోవును? అంతర్జాలము ఈ చిక్కును విప్పినది. ఇంటిలో యంత్రము ముందు కూర్చుండి, వేరొక ఊరిలోని, వేరొక దేశములోని శిక్షణాలయములో చోదకుని గొంతు పలుకవచ్చును.

దీనికి దారి చూపినది వినోదమే. లింక్ యంత్రము వినోదశాలనుండి సైన్యమునకు పోయిన దారియే. కంప్యూటరు తెరపై విమానము నడుపు ఆటలు 1980 ప్రాంతమున వెలువడినవి. 1998లో ఇవావో, 2001లో వాట్సిమ్ అను అంతర్జాల సంఘములు పుట్టినవి. వీనిలో లోకమందలి ఔత్సాహికులు కొందరు చోదకులుగా, కొందరు కంట్రోలర్లుగా ఒకే కల్పిత గగనమున కలిసికొందురు. జీతము లేదు, కంట్రోలరు కావలెనన్న ముందు అభ్యాసము, పరీక్ష కలవు. పగలు నిజమైన విమానము నడిపి రాత్రి ఈ గగనమునకు వచ్చువారును కలరు. ఆ పరీక్ష నిజమైన ఉద్యోగమునకు చెల్లదు. కాని దూరమున నున్న అనుభవజ్ఞుని గొంతును నేర్చుకొనువాని చెవికి చేర్చవచ్చునని వీరు జీతము లేకయే చూపించిరి.

మన దేశమున కంట్రోలర్ల శిక్షణకు 1948లో అలహాబాదులో, నేటి ప్రయాగరాజులో, పౌర విమానయాన శిక్షణ కేంద్రము ఏర్పడినది. హైదరాబాదు బేగంపేటలో మరియొక శిక్షణ కేంద్రము కలదు. బేగంపేట తెలుగువారికి క్రొత్త చోటు కాదు. రెండవ యుద్ధకాలమున చోదకులకు ప్రాథమిక శిక్షణ అచట జరిగినది. నిజాము ప్రభుత్వపు పెట్టుబడితో నడచిన దక్కన్ ఎయిర్‌వేస్ అచటిదే, 1953లో జాతీయమైనది. 2008 మార్చిలో ప్రయాణికుల విమానములు శంషాబాదునకు తరలిపోయినను, శిక్షణ బేగంపేటలో నిలిచినది.

ఇది మన జిల్లాకు దూరపు సంగతి యనుకొనరాదు. 2008 మే నెల నుండి బెంగళూరు విమానములు దేవనహళ్లి నుండి ఎగురుచున్నవి. తూర్పుదిక్కు విమానములు మన యిండ్లమీదుగనే పోవుచున్నవి. 2022 జనవరి 9వ తేదీ ఉదయమున అచట ప్రక్కప్రక్కనున్న రెండు మార్గములనుండి రెండు విమానములు ఇంచుమించు ఒకేసారి లేచి ఒకదాని వైపు ఒకటి పోయినవి. రెంటిలో కలిపి నాలుగు వందలకు పైగా ప్రాణములు. ఒకే మార్గమును వాడవలెనన్న నిర్ణయము దక్షిణపు గోపురమునందలి వానికి అందలేదు. రాడార్ ముందున్న కంట్రోలరు తెరపై రెండు చుక్కలను చూచి రెంటిని వేరు దిక్కులకు మరలింపగా ముప్పు తప్పినది. కదలుచున్నప్పుడు వినబడిన ఒక్క గంట.

ఈ వ్యాసమున మేము చెప్పదలచిన బాధ ఒకటి కలదు. 2001 ఫిబ్రవరి 28వ తేదీన మన గనులు మూతపడినవి. ఆ దినమున యంత్రములకు పట్టికలు వ్రాసిరి. భూములకు కొలతలు వ్రాసిరి. బకాయిలకు లెక్కలు వ్రాసిరి. పట్టిక యెట్లు వ్రాయుదురో గుమాస్తాగా మాకు తెలియును. ఏ పట్టికలోను మనుష్యుని చెవికి గడి లేదు. త్రాటి సాగుదలను చేతిలో మోసిన డ్రైవర్లు, ఒక దెబ్బకును రెండు దెబ్బలకును నడుమ కొట్టినవాని భయమును వినగలిగినవారు, మారికుప్పము నుండి తెల్లవారుజామున బయలుదేరు రైలెక్కి బెంగళూరునకు కూలికి పోయిరి. మా వీథిలోని ఒకాయన, రెండు వేల మనుష్యులను దినదినము దింపి యెత్తిన షాఫ్టులలో పనిచేసినవాడు, ఒక పెద్ద భవనమునకు కావలివాడుగా కుదిరెను. అచట లిఫ్టు కలదు. అది చెడినప్పుడు ఆయన తన మాట చెప్పబోగా, "నీ పని గేటు దగ్గర" అనిరట. ఆయన మా అరుగుపై కూర్చుండి నవ్వుచునే ఈ సంగతి చెప్పెను. మేము నవ్వలేకపోతిమి.

విమానములవారు తమ వృద్ధుల గొంతును వెదకి తెచ్చుకొనుచున్నారు. కార్న్‌వాల్ గనులు పాడుపడినప్పుడు అచటివారిని మన కంపెనీవారు వెదకి తెచ్చుకొనిరి. మనవారిని వెదకి యెవరును రాలేదు.

ఇక కొసరుగా ఒక ఇంటి సంగతి. శిక్షణకు పోవుటకు ముందు మా తమ్ముని కుమార్తె నెల దినములు మా అరుగుపై అభ్యాసము చేసినది. చోదకుని వేషము మాది. ఆల్ఫా, బ్రావో, చార్లీ అను అక్షరములను మేము కార్డుపై తెలుగులో వ్రాసికొని కంఠస్థము చేసితిమి. పిల్ల కాగితముపై గీసిన పటమున మూడు చింతగింజలు విమానములు. ఆజ్ఞ ఇచ్చినంతనే మేము తిరిగి పలికి గింజను జరిపెడివారము. తప్పులేదు, ఆలస్యము లేదు. నాలుగవ దినమున పిల్లకు విసుగు వచ్చినది.

"పెదనాయనా, నువ్వు అన్నిటికీ సరే సరే అంటా ఉంటే నేను నేర్చుకునేది ఏముంది? ఒక తూరి అయినా కాదను."

ముప్పది రెండేండ్ల ఉద్యోగమున మా నోట రాని మాట అది. పైనుండి వచ్చిన కాగితమునకు కాదనుట మాకు అలవాటు లేదు. మరునాడు మా వీథిలోని ఆ డ్రైవరుగారిని పిలిచి కూర్చుండబెట్టితిమి. ఆయనకు ఇంగ్లీషు కొంచెమే. విమానము ఎన్నడును ఎక్కలేదు. అయినను పిల్ల రెండు ఆజ్ఞలు వెంటవెంటనే ఇవ్వగా ఆయన గింజపై వ్రేలు పెట్టి కదలక కూర్చుండెను. పిల్ల మరల పిలిచినది. ఆయన పలుకలేదు. మూడవమారు పిలువగా తలయెత్తి, "మొదటిది ఇంకా ఆగలేదమ్మా, అంతలో రెండోది ఎట్ల?" అనెను.

పిల్ల పెన్సిలు క్రింద పెట్టి, ఆ మాటను తన పుస్తకములో వ్రాసికొన్నది. ఆ నెలలో మిగిలిన దినములు చోదకుని పీట ఆయనదే. గింజలు జరుపు పని మాది.